తొమ్మిదో షెడ్డు ముందు మట్టి

"గుర్రం తన్నింది, మనిషి పోయాడు. ఇందులో నీకు అర్థం కానిదేముంది?" అన్నాడు రస్ టిబ్బెట్.

నొరీన్ హల్యాక్ అతనివైపు చూడలేదు. తొమ్మిదో షెడ్డు వసారాలో నేలమీది మట్టినే చూస్తోంది.

టైము తొమ్మిదీ ఇరవై. డెల్బర్ట్ యౌంట్ శవాన్ని తీసుకెళ్ళి మూడు గంటలైంది. డెల్బర్ట్‌కి డెబ్భై రెండేళ్ళు. ట్రైనరు. కెస్లర్ ఫెర్రీ రేస్‌కోర్సులో గుర్రాలవాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. తెల్లవారుజామున నాలుగూ నలభైకి సొంత గుర్రం థెల్మా గదిలో, దాని కాళ్ళ దగ్గర, తల పగిలి పడున్నాడు. ఆ ఆడగుర్రం పూర్తి పేరు 'ఆస్క్ ఆంట్ థెల్మా'. రెండుసార్లు గెలిచింది, ఇరవై రెండుసార్లు ఓడింది. పసిపిల్లల్ని దాని మీద కూర్చోబెట్టి ఫొటోలు తీసేవాళ్ళు. ఏనాడూ ఒకరి మీద కాలు విసిరిన పాపాన పోలేదు.

"గిట్టకి రక్తం ఉందిగా," టిబ్బెట్ మళ్ళీ అన్నాడు. "వెనక కుడికాలు. నా కళ్ళతో చూశాను."

"అంచున ఉందా, అడుగున ఉందా?"

"ఎక్కడుంటేనేం?"

"అంచున ఉంటే తన్నినట్టు. అడుగున ఉంటే, కిందపడ్డ రక్తంలో కాలు పెట్టినట్టు. అడుగునే ఉంది. అంచు శుభ్రంగా ఉంది. నేనూ కళ్ళతోనే చూశాను."

టిబ్బెట్ నవ్వాడు. ఒకప్పుడు రాష్ట్ర పోలీసుల్లో ఇరవై ఏళ్ళు చేసి, ఇప్పుడు కాసినో సెక్యూరిటీకి అధిపతిగా ఉన్నాడు. నొరీన్ రాష్ట్ర రేసుల కమిషన్ ఇన్వెస్టిగేటరు. స్థలం కాసినోది, పందేలమీద అధికారం కమిషన్‌ది. అందుకే ఈ ఇద్దరికీ ఏడేళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూడక తప్పడం లేదు.

"మేడం గారూ, మనిషిని చంపిన జంతువుని మా స్థలంలో ఉంచుకోం. డెల్బర్ట్ తమ్ముడు ఫోన్లో సరేనన్నాడు. పన్నెండింటికి గుర్రాల డాక్టరొచ్చి దాన్ని చంపే ఇంజక్షన్ ఇస్తాడు. ఈలోగా మీ దగ్గరేదైనా ఉంటే పట్రండి. గిట్ట అడుగు, గిట్ట అంచు లాంటివి కాకుండా."

"నీ మనిషి నాలుగూ యాభై రెండుకి తీసిన ఫొటో ఉందిగా? తియ్యి."

ఫోను తీసి చూపించాడు. గది తలుపు, తలుపు ముందు మట్టి, మట్టిలో చేపముల్లులా వరసగా గీతలు. గీతల మీదుగా ఒకే ఒక్క మనిషి లోపలికెళ్ళి బయటికొచ్చిన అడుగులు.

రేస్‌కోర్సు వెనకవైపు బతికేవాళ్ళకి ఆ గీతలు ఇంటిముందు ముగ్గులాంటివి. పొద్దున గుర్రాల పనైపోయాక ఒకసారి, సాయంత్రం దాణా పెట్టాక ఒకసారి, పొడవాటి కర్రకి ఇనపపళ్ళు బిగించిన దంతెతో వసారా పొడుగునా గీస్తారు. జేబులో చిల్లిగవ్వ లేకపోయినా, గుర్రాలు వారంలో మూడుసార్లు ఓడిపోయినా సరే, గీతలు పడాల్సిందే.

"ఈ అడుగులు ఒఫీలియావి," అంది నొరీన్. "శవాన్ని మొదట చూసిన మనిషి. సాయంత్రం ఐదింటికి గీసింది కూడా ఆమే. డెల్బర్ట్ గేటు దాటి లోపలికొచ్చింది రాత్రి ఎనిమిదీ యాభై రెండుకి. నీ గేటు పుస్తకంలోనే ఉంది. మరి అతని అడుగులేవి? గాల్లో ఎగిరొచ్చి గదిలో దిగాడా?"

టిబ్బెట్ ఫోను దగ్గరగా పెట్టుకుని చూశాడు. "గాలికి పోయుంటాయి."

"గాలికి గీతలు చెరిగిపోతాయి. కొత్తవి పడవు. డెల్బర్ట్ లోపలికెళ్ళాక ఎవరో మళ్ళీ గీశారు."

"ఎవరో అంటే?"

"నీ మనుషులు మాత్రం కాదు. వాళ్ళయితే వచ్చిన పని చూసుకుని పోతారు. దంతె తీసుకోవాలన్న ఆలోచనే రాదు."

ఆ మాట తన నోటినుంచి వచ్చాక గానీ దాని అర్థం ఆమెకే తలకెక్కలేదు. అసలు ఆ మనిషి ఏమీ చెయ్యకుండా వెళ్ళిపోయి ఉంటే ఎవరికీ అనుమానమే వచ్చేది కాదు. పొద్దుట ఒఫీలియా తొక్కేది, గార్డులు తొక్కేవాళ్ళు, పాత అడుగులన్నీ కలిసిపోయేవి. కానీ తొక్కిన వసారాని తొక్కినట్టే వదిలి పోవడం చేతకాలేదు వాడికి. గుర్రాల మధ్య పుట్టి పెరిగినవాడు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు అది.

ఇంకో సంగతి కూడా ఉంది. టిబ్బెట్‌కి చెప్పలేదు. ఆ చేపముల్లు మొనలు రోడ్డువైపు కాకుండా పందెం బాటవైపు తిరిగున్నాయి. ఎక్కడ చూసిందో ఆమెకి తెలుసు. తెలిసినా, తెలియనట్టే ఉండాలనిపించింది.

"నీ మాటలో పస ఉంది," అన్నాడు టిబ్బెట్ వెళ్ళిపోతూ. "కానీ గీతలు చూపించి డాక్టర్ని ఆపలేవు. మనిషిని చూపించు."

*

ఒఫీలియా సమరీపా తొమ్మిదో షెడ్డు చివర, జీనులు పెట్టుకునే గదిలోనే ఉంటుంది. పందొమ్మిదేళ్ళుగా డెల్బర్ట్ గుర్రాలకి నీళ్ళు పోసేదీ, మేత వేసేదీ ఆవిడే. నొరీన్ వెళ్ళేసరికి మంచంమీద కూర్చుని, థెల్మా కాళ్ళకి చుట్టే పట్టీలని ఒక్కొక్కటే చుట్టి పక్కన పెడుతోంది.

"రాత్రి ఎన్నింటికి పడుకున్నారు?"

"తొమ్మిదింటికి, మేడం."

"డెల్బర్ట్ వచ్చింది తెలీదా?"

"తెలీదు."

"చప్పుడేమీ వినపడలేదా?"

"పని చేసి చేసి పడుకున్నదానికి ఏం వినపడుతుంది మేడం?"

"వసారా గీసిందెవరు?"

"నేనే. సాయంత్రం ఐదింటికి. పొద్దుటిదాకా ఎవరూ ముట్టుకోలేదు."

"మీ దంతె ఒకసారి చూపిస్తారా?"

ఒఫీలియా చేతిలో పట్టీ ఆగింది. లేచి, మంచం కిందనుంచి దంతె లాగింది. షెడ్లవాళ్ళు ఒకరివొకరు ఎత్తుకుపోతారని రాత్రిళ్ళు దాన్ని లోపలే పెట్టి తాళం వేసుకుంటుంది. కర్రకి పసుపురంగు పూసుంది. మధ్యలో రెండు పళ్ళు లేవు.

"ఎన్నాళ్ళైంది ఊడి?"

"రెండేళ్ళు. కొనమంటే ఇదిగో అదిగో అనేవాడు పెద్దాయన. ఆయన చెయ్యి అంత తేలిగ్గా జేబులోకి వెళ్ళేది కాదు." నవ్వబోయి ఏడ్చేసింది.

నొరీన్ పక్కన కూర్చుంది. "ఒఫీలియా, దీంతో గీస్తే మధ్యలో గీత పడని చార ఒకటి మిగలాలి. బయట మట్టిలో ఆ చార లేదు. ఆ దంతెకి పళ్ళన్నీ ఉన్నాయి."

ఒఫీలియా దంతెని మళ్ళీ మంచం కిందకి తోసేసింది.

"పన్నెండింటికి థెల్మాని చంపేస్తారు. మీకు తెలుసుగా?"

"తెలుసు."

"అది తన్నలేదని మీకూ తెలుసుగా?"

ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. "నాకేం తెలీదు, మేడం. నన్నొదిలెయ్యండి."

అదే నొరీన్‌కి మింగుడు పడలేదు. రోజూ థెల్మాకి ముద్దలు కలిపి పెట్టే మనిషి, కళ్ళు వాచేలా ఏడుస్తోంది. 'దాన్ని కాపాడండి' అని మాత్రం ఒక్కసారి కూడా అనడం లేదు.

*

వెనకవైపు క్యాంటీన్లో నొరీన్ కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రారు. కమిషన్ బ్యాడ్జి తగిలించుకుని పదమూడేళ్ళైంది. ఆమె ఒక ట్రైనర్ కూతురని, పదో షెడ్డులోనే పుట్టి పెరిగిందని ఇక్కడ అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఇంకా కోపం. ఆమె ట్రే పట్టుకుని వస్తే మాటలు ఆగిపోతాయి, ఆమె వెళ్ళిపోయాక మొదలవుతాయి. అలవాటైపోయిందని తనకి తాను చెప్పుకుంటుంది గానీ, అలవాటు కాలేదు.

పదింపావుకి టిబ్బెట్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కాఫీ కప్పు పక్కన ఒక మడిచిన కాగితం పెట్టాడు.

"ఇక్కడ ప్రతివాడూ ఏమంటున్నాడో నాకు తెలుసు. కాసినోవాళ్ళే డెల్బర్ట్‌ని చంపించారు అంటున్నారు. గురువారం రాజధాని చార్ల్‌స్టన్‌లో శాసనసభ కమిటీ ముందు మాట్లాడబోతున్నాడు కాబట్టి నోరు మూయించారట."

"అబద్ధమా?"

"నొరీన్, ఈ భూమ్మీద డెల్బర్ట్ బతికుండాలని మావాళ్ళు కోరుకున్నట్టు వాళ్ళమ్మ కూడా కోరుకుని ఉండదు. చదువు."

ఇక్కడ కాసినోలో జూదం ఆడే స్లాట్ మిషన్లు పెట్టుకోవాలంటే గుర్రాలని కూడా పరిగెత్తించాలి, మిషన్ల రాబడిలో వాటా పందేల బహుమతులకి ఇవ్వాలి అని చట్టం. పాతికేళ్ళుగా కెస్లర్ ఫెర్రీ ఆ వాటా మీదే నడుస్తోంది. ఆ ముడి విప్పెయ్యాలని ఇప్పుడు కొత్త బిల్లు. దానికి అడ్డంగా నిలబడేది డెల్బర్టేనని అందరి నమ్మకం.

కాగితంమీద డెల్బర్ట్ చేతిరాత.

'కాసినో సొమ్ము రాకముందు శనివారం పూట ఇక్కడికి ఆరువేలమంది వచ్చేవాళ్ళు. మొన్న శనివారం నేను లెక్కపెట్టాను. నూట నలభై మంది. అందులో సగం మనవాళ్ళే. ఎవరూ చూడని పందేల్లో, ఎవరికీ పేరు గుర్తుండని గుర్రాల్ని పరిగెత్తిస్తున్నాం. బహుమతి ఎలాగూ వస్తుంది కాబట్టి మనకి జనం అక్కర్లేకపోయారు. జనానికి మనం అక్కర్లేకపోయాం. ఏడాదికి నూట అరవై రోజులు వద్దు. వేసవిలో నలభై రోజులు చాలు. చిన్నగా బతుకుదాం, కానీ మన కాళ్ళమీద బతుకుదాం. మాలో సగంమంది మిగలరు. నాకు తెలుసు. ఆ సగంలో నేనూ ఉంటాను. ముడి విప్పెయ్యండి.'

నొరీన్ రెండుసార్లు చదివింది. తన తండ్రి పోయిన తరవాత ఈ మాటలు అనడానికి ధైర్యం చేసినవాడు ఇక్కడ ఒక్కడున్నాడన్నమాట. అతనూ పోయాడు.

"ఇది మీకెలా వచ్చింది?"

"తనే ఇచ్చాడు, నిన్న మధ్యాహ్నం. తనవాళ్ళకి చెప్పకుండా వెళ్ళడం న్యాయం కాదన్నాడు. రాత్రి ముందుగా సంఘం ఉపాధ్యక్షుడికి చూపిస్తానన్నాడు." టిబ్బెట్ ఆమె మొహంలోకి చూశాడు. "ఉపాధ్యక్షుడెవరో నేను చెప్పక్కర్లేదుగా. నీకు చాలా కావలసినవాడు."

"పొద్దున నాతో ఎందుకు చెప్పలేదు?"

"పొద్దున గుర్రం తన్నిందనుకున్నాను. నువ్వే కదా కాదన్నావు. ఇప్పుడు నీ ఇష్టం. గుర్రమే చంపిందని రాసేస్తే నాకూ అభ్యంతరం లేదు. నాకు జీతమిచ్చేవాళ్ళకి ఆ ముసలాయన లేని లోటు ఎలాగూ తీరదు."

అతని గొంతులో మొదటిసారి ఎకసెక్కం లేదు. అది ఆమెకి ఇంకా కష్టమనిపించింది.

పదకొండూ పదికి శవపరీక్ష డాక్టరు ఫోన్ చేసింది. గాయం గిట్టది కాదు, ఇనప అంచుది. దెబ్బ తగిలింది రాత్రి తొమ్మిది ప్రాంతంలో. ప్రాణం పోయింది మాత్రం రెండు గంటలకి, అటూ ఇటూగా.

"ఐదు గంటలు బతికున్నాడా?" అంది నొరీన్.

"ఉన్నాడు. ఎవరైనా చూసి తీసుకొచ్చి ఉంటే ఇవాళ కూడా ఉండేవాడనుకుంటాను."

*

పదో షెడ్డులో సంఘం ఉపాధ్యక్షుడు వెండెల్ క్రోయ్‌కి ఇప్పుడు నాలుగు గుర్రాలే మిగిలాయి. పనివాళ్ళు లేరు. ఇల్లు అమ్ముకున్నాక ఉండేది కూడా ఇక్కడే. అరవై ఎనిమిదేళ్ళ వయసులో పేడ తీసేదీ, నీళ్ళు మోసేదీ, వసారా గీసేదీ తనే. ఒకప్పుడు నొరీన్ తండ్రి దగ్గర కుడిభుజం. తండ్రి పోయిన ఏడాది ఆమెకి కారు నేర్పించాడు. ఆమె పెళ్ళి విరిగిన ఏడాది వారం రోజులు రోజూ వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. క్యాంటీన్లో ఆమె బల్ల దగ్గర కూర్చునే మనిషి, ఎప్పుడైనా ఒకరు ఉన్నారంటే, అది వెండెలే.

"రా అమ్మాయ్," అన్నాడు. "కాఫీ పెట్టనా?"

"వద్దు." ఆమె నేలవైపు చూసింది. చేపముల్లు గీతలు, మొనలు పందెం బాటవైపు. "ఇంకా నాన్న పద్ధతేనా?"

"గుర్రం తల ఎటుంటుందో గీతా అటే ఉండాలనేవాడు. నీకు తొమ్మిదేళ్ళప్పుడు దంతె కర్ర నీకన్నా పొడుగు. గీయమంటే ఏడ్చేదానివి."

"తొమ్మిదో షెడ్డు ముందు కూడా ఇలాగే ఉంది వెండెల్."

అతను బకెట్ కింద పెట్టాడు. కాదని బొంకలేదు. ఆశ్చర్యం నటించలేదు. పక్కన బోర్లించిన ఇంకో బకెట్‌మీద కూర్చున్నాడు.

"కాగితం చూపించాడు," అన్నాడు. "లాంతరు కింద నిలబడి చదివాను. 'సగంమంది మిగలరు' అని ఎంత తేలిగ్గా రాశాడో! వాడికి పెన్షన్ ఉంది. తమ్ముడున్నాడు. నాకేముంది? ఈ నాలుగు గుర్రాలు, ఈ గది. నన్నే ఆ సగంలో రాశాడని అర్థమైంది. తోశాను. ఒక్క తోపు, అమ్మాయ్. తలుపు గొళ్ళెంమీద పడ్డాడు."

"ఊపిరుందో లేదో చూశావా?"

"చూశాను. లేదనిపించింది. గదిలోకి జరిపాను. థెల్మా పక్కకి తప్పుకుంది, పాపం."

"తర్వాత గీశావు."

"గీశానా? గీశాను. నా దంతె ఎప్పుడు తెచ్చానో కూడా గుర్తులేదు. మట్టి అలా చెదిరి ఉంటే చేతులు ఊరుకోలేదు."

వెండెల్ ముందుకి వంగాడు.

"విను. థెల్మాకి తొమ్మిదేళ్ళు. ఇంకో ఏడాది పరిగెత్తితే గొప్ప. ఆ తర్వాత దాన్నెవరు సాకుతారు? గుర్రమే చంపిందని రాయి, పన్నెండింటికి అన్నీ సర్దుకుంటాయి. లేదంటే గురువారం ఏమంటారో తెలుసా? గుర్రాలవాళ్ళు సొంత పెద్దనే చంపుకున్నారు, వీళ్ళకా మనం సొమ్మిచ్చేది అంటారు. పదకొండువందల మందిమి రోడ్డున పడతాం. ఆ మట్టి చదవగలిగేది నువ్వొక్కదానివే. సాయంత్రానికి అదీ చెరిగిపోతుంది."

నిజమే. అన్నీ నిజాలే. ఈ మనిషిని పట్టిస్తే, తనని 'అమ్మాయ్' అని పిలిచే గొంతు ప్రపంచంలో ఇంకొకటి ఉండదు. ఆమెకి గట్టిగా ఏడవాలనిపించింది. ఆ ఏడుపు చూడ్డానికి కూడా ఉన్నది ఈ ఒక్కడే.

"డెల్బర్ట్ రెండింటిదాకా బతికే ఉన్నాడు," అంది.

వెండెల్‌కి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నేలమీది గీతలకేసి చూశాడు.

"నువ్వు గీస్తున్నప్పుడు ఊపిరుంది. నువ్వు పడుకున్నప్పుడూ ఉంది. లే వెండెల్, పోదాం."

అతను లేచాడు. గుర్రాల గదుల తలుపులు నాలుగూ తడిమి చూసుకుని, ఆమె వెనకే నడిచాడు.

*

టైము పదకొండూ ముప్ఫై ఆరు. గుర్రాల డాక్టరు ఫోను ఎత్తలేదు. టిబ్బెట్ కూడా ఎత్తలేదు. థెల్మాని కాసినో అవతల, మైలు దూరంలో ఉన్న విడి షెడ్డులో కట్టేశారు. కారులో అయితే నాలుగు నిమిషాలు.

బయటికి రాగానే నొరీన్ ఆగిపోయింది. దారికి రెండువైపులా, ప్రతి షెడ్డు ముందూ జనం నిలబడున్నారు. ట్రైనర్లు, పనివాళ్ళు, జాకీలు, గిట్టలకి నాడాలు కొట్టేవాళ్ళు. వెండెల్ చెయ్యి ఆమె చేతిలో ఉంది. అయినా ఏమైందని ఒక్కరూ అడగలేదు. ఒక్కరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు.

అప్పుడు తెలిసింది ఆమెకి. వీళ్ళందరికీ తెలుసు. ఒఫీలియా శవాన్ని చూసి పరిగెత్తింది పక్కనున్న పదో షెడ్డుకే అయి ఉండాలి. వెండెల్ ఆమెకి చెప్పి ఉంటాడు, ఆరింటికల్లా ఆ మాట షెడ్డు నుంచి షెడ్డుకి పాకి ఉంటుంది. కాసినో చంపిందని బయటికి అరుస్తూ, గుర్రం చంపిందని కాగితంమీద రాయించడానికి అందరూ కలిసే ఒప్పుకున్నారు. తొమ్మిదేళ్ళ ఆడగుర్రం ఒకటి పోతే పోయిందనుకున్నారు.

ఆమె కారు ముందు ఎండుగడ్డి లారీ అడ్డంగా ఆగుంది.

"లారీ తియ్యి," అంది.

డ్రైవరు ఎదురుగా అద్దంలోకి చూస్తూ, "స్టార్టవడం లేదు మేడం," అన్నాడు. ఇంజను గడగడా ఆడుతూనే ఉంది.

"పన్నెండింటిదాకా ఆగండి మేడం," అన్నారెవరో వెనకనుంచి. "అంతే. ఇంకేం అడగం." జనం ఒకడుగు దగ్గరికి జరిగారు. ఆమె నడుముకి తుపాకీ ఉంది గానీ, తను పుట్టిన వీధిలో దాని మీద చెయ్యి వెయ్యడం ఆమెవల్ల కాలేదు.

"రెండింటిదాకా బతికున్నాడట," అన్నాడు వెండెల్.

పెద్దగా అనలేదు. కానీ అందరికీ వినపడింది.

"డెల్బర్ట్. నేను చచ్చాడనుకుని వదిలేసి పోయాను. ఐదు గంటలు ఒక్కడే పడున్నాడు. నేను పక్క షెడ్డులోనే పడుకున్నాను." "నాకోసం మీరు అడ్డం నిలబడకండి. నేను దానికి తగను."

ఎవరూ కదల్లేదు. తొమ్మిదో షెడ్డు ముందునుంచి ఒఫీలియా ఒక్కతే నడిచొచ్చింది. లారీ దగ్గరికొచ్చి చక్రానికి ఆనుకుంది.

"ఒంటిగంటకి లేపింది నన్ను," అంది. "థెల్మా. గది తలుపు తన్నడం మొదలెట్టింది. ఎప్పుడూ తన్నదు మేడం అది, మీకు తెలుసు. తన్నీ తన్నీ, అరిచీ అరిచీ... పక్కమీదనుంచే 'నోర్ముయ్యవే దయ్యమా, పొద్దున్నే లేవాలి' అని తిట్టాను. అయినా ఆపలేదు. తలమీద దుప్పటి లాక్కుని పడుకున్నాను."

ఎవరో టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

"చాలాసేపు తన్నింది," అంది ఒఫీలియా. "తర్వాత ఆపేసింది. నా మాట విందనుకున్నాను."

డ్రైవరు ఎవరూ చెప్పకుండానే గేరు మార్చి లారీ వెనక్కి తీశాడు. టైము పదకొండూ నలభై మూడు.